ఇరవై నిమిషాలు

“తలుపు వదులు సుప్రజా. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది.”

“ఇంకా పదకొండు నిమిషాలున్నాయి అత్తయ్యా.”

సుప్రజ తలుపుకి వీపు ఆనించి నేలమీదే కూర్చుంది. కళ్లు మాత్రం చేతిలోని ఫోను మీదే ఉన్నాయి.

రాత్రి రెండు దాటింది. లోపల తొమ్మిది నెలల పాప ఒక్కతే ఉంది. భుజాన వేసుకుని గంట తిప్పితేగాని నిద్రపోయే రకం కాదు, దించగానే మళ్లీ లేచేది. సోమవారం నుంచి సుప్రజ భీమవరంలో కాలేజీకి వెళ్లి పాఠాలు చెప్పాలి. అందుకే ఫోనులో చూసి ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఏడిస్తే వెంటనే ఎత్తుకోకూడదు. మొదటి రాత్రి ఐదు నిమిషాలు ఆగాలి, తర్వాత పది, ఇప్పుడు ఇరవై. చిత్రంగా పనిచేసింది కూడా. నిన్నా మొన్నా పాప తనంతట తానే పడుకుని తెల్లారేదాకా లేవలేదు.

“మీ ఆయన్ని మూడేళ్లొచ్చేదాకా నా పక్కలోనే పడుకోబెట్టుకున్నాను. ఏం, చెడిపోయాడా?” అంది జానకీదేవి.

“అందుకే ఆయనకి ఇప్పటికీ పక్కన మనిషి లేకపోతే నిద్ర పట్టదు.”

ఇంకో రోజైతే ఆవిడ నవ్వేదే.

“ఇంతకీ వెంకటేష్ ఏడి? కన్నతండ్రికైనా వినపడట్లేదా?”

“వినపడితే మొదటి నిమిషంలోనే ఎత్తేసుకుంటారు. చెవుల్లో దూది పెట్టి నేనే పడుకోమన్నాను.”

జానకీదేవి నోరు నొక్కుకుంది. వెంకటేష్ చెవులంటే ఆ ఇంటికి కొండంత ధైర్యం. పెరటి గోడ దాటితే వాళ్ల రొయ్యల చెరువు. నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు రాత్రంతా బడబడమని తిరుగుతూనే ఉండాలి. ఇన్వర్టరు పుణ్యమా అని ఇంట్లో లైట్లు ఆరవు కాబట్టి, కరెంటు పోయిందని తెలిసేది ఆ చప్పుడు ఆగితేనే. ఎంత నిద్రలో ఉన్నా వెంకటేష్ లేచి జనరేటరు దగ్గరికి పరిగెడతాడు. ఎదిగిన రొయ్య మరి, పావుగంట గాలి అందకపోయినా పైకి తేలి చచ్చిపోతుంది. ఎల్లుండే పట్టుబడి, రొయ్యలన్నీ పట్టి అమ్మే రోజు. కాపలా ఉండే బుల్లబ్బాయి జ్వరమొచ్చి సాయంత్రమే ఇంటికి పోయాడు.

లోపల ఏడుపు ఇంకా పెరిగింది.

“ఇది మారాం ఏడుపు కాదమ్మా. పిల్ల దేనికో భయపడింది.”

సుప్రజ ఫోనులో పాప గది కెమెరా చూసింది. పాప మంచం చువ్వలు పట్టుకుని నిలబడి, పెరటి కిటికీ వైపు చెయ్యి చాపి ఏడుస్తోంది.

“పాలు తాగింది, ఒళ్లు వెచ్చగా కూడా లేదు. ఇప్పుడు ఎత్తుకుంటే ఈ వారం పడ్డ కష్టమంతా గోదాట్లో కలిసినట్టే. నాకు మాత్రం ప్రాణం కొట్టుకోవట్లేదా అత్తయ్యా?”

సుప్రజ చెంపలు తడిసిపోయాయి. జానకీదేవి కోడలి పక్కనే కూలబడి చెయ్యి పట్టుకుంది.

పద్దెనిమిదో నిమిషానికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. ఇరవయ్యో నిమిషానికి అవీ ఆగిపోయాయి. కెమెరాలో పాప కిటికీ వైపు తల పెట్టి, అలిసిపోయి, బోర్లా పడుకుని ఉంది.

“చూశారా అత్తయ్యా! తనే పడుకుంది. నేర్చేసుకుంది!” సుప్రజకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

జానకీదేవి నవ్వలేదు. తల పక్కకి వంచి చెవులు రిక్కించింది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

“అమ్మా సుప్రజా... పిల్ల ఏడుపు మొదలుపెట్టినప్పుడు, చెరువు చప్పుడు ఉందా?”