పూలకు డబ్బివ్వని ఇన్‌స్పెక్టర్

ఇంట్లో పోయినవాళ్లు, అడిగినట్టల్లా యంత్రం అల్లి గోడ మీద ఆడించే సినిమాల్లో వేషాలు కడుతున్న కాలమది. ఇన్‌స్పెక్టరుగా చేసి నిరుడు పోయిన భర్త కోసం కనకవల్లి పోలీసు సినిమా పెట్టించుకుంది. అందులోనూ ఆయన లంచగొండే. బజారులో పూలమ్మే పిల్ల బుట్టలోంచి మూర మల్లెలు తీసుకుని, డబ్బివ్వకుండా జీపెక్కాడు. బతికుండగా కనకవల్లికి తెచ్చిన పూలన్నీ అలాంటివే.

"పక్కింటివాళ్లు చూస్తే పరువు పోతుందమ్మా," అంటూ కూతురు స్రవంతి సినిమా మార్పించి ఆయన్ను నిజాయితీపరుణ్ణి చేసింది. ఈసారి ఆయన డబ్బిచ్చి, ఆ పిల్లకి దణ్ణం కూడా పెట్టాడు.

"ఈయనెవరే? మీ నాన్న ఒకరికి దణ్ణం పెట్టడమా! పాతాయన్నే పిలువు," అంది కనకవల్లి.

పాతాయన వచ్చి, మళ్లీ మల్లెలు తీసుకుని జీపెక్కాడు. ఏరుతున్న బియ్యం చేట పక్కన పెట్టి ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. కాపురమంతా గొంతులోనే ఉండిపోయిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఏమండీ, ఆ పిల్లకి డబ్బులిచ్చి రండి. అప్పుడు పెట్టుకుంటాను."

ఆయన జీపు దిగాడు. గదంతా మల్లెల వాసన కమ్ముకుంది. ఆయన మాత్రం బుట్ట ముందు నిలబడి, ఆమెను చూసి నవ్వుతూ, జేబులు తడుముకుంటూనే ఉన్నాడు.