చెరపని గొంతు

“అన్నీ చెరిపెయ్. ఒక్కటి కూడా మిగలడానికి వీల్లేదు.”

చర్చి మేడమెట్ల కిందున్న రికార్డింగు గదిలోకి వస్తూనే సంఘం కార్యదర్శి అన్న మాట అది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఎక్కడ నిలబడితే అదే క్లాసురూము.

లోపల కూర్చున్న మనిషి హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. ఆదివారం ఆరాధనకి సౌండు చూసేదీ, ప్రసంగాలు రికార్డు చేసేదీ అతనే కాబట్టి సంఘంలో పెద్దాచిన్నా అందరూ అతన్ని ‘మైకు’ అనే పిలుస్తారు.

“ఏవి చెరపమంటున్నారండీ?”

“తెలియనట్టు అడక్కు. పాస్టరు అయ్యగారి ప్రసంగాలు. ఏడేళ్ళవీ. మొన్న ఆదివారం వేదికెక్కి, పెళ్ళయిన ఆడమనిషితో తప్పుచేశానని తన నోటితో తనే ఒప్పుకుని దిగిపోయాడా లేదా? అలాంటివాడి గొంతు ఇక ఈ గోడల మధ్య వినపడకూడదు. పెద్దలందరం కలిసి అనుకున్నాం.”

“ఆయన మళ్ళీ వేదికెక్కకూడదు. అక్కడ నాదీ మీ మాటే. ప్రసంగాలు మాత్రం చెరపను.”

టీ వద్దన్నంత తేలిగ్గా అన్నాడు మైకు. హెడ్మాస్టరుకి ఒళ్ళు మండింది.

“చెరపవా? చెప్పింది ఒకటి, చేసింది ఒకటి! అలాంటివాడు చెప్పిన నీతులు మనకెందుకోయ్?”

“ఆయన చెప్పినట్టు చెయ్యలేదు, సరే. చెప్పినదాంట్లో తప్పెక్కడుందో చూపించండి, ఆ ముక్క ఇప్పుడే కోసేస్తాను. ఒక్కో ప్రసంగం నాలుగేసిసార్లు విన్నవాణ్ణి. దగ్గులూ, గొంతు సవరించుకోడాలూ, ముందువరసలో చంటిపిల్లల ఏడుపులూ అన్నీ ఈ చేత్తోనే తీసేశాను. మాటలో తప్పు నాకు దొరకలేదు. మీకు దొరికిందా?”

హెడ్మాస్టరు ఆ ఇరుకు గదిలోనే రెండడుగులు అటూ ఇటూ తిరిగాడు. కంప్యూటరు తెరమీద తేదీలవారీగా ఉన్న పేర్లని పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు.

“ఇది... మా ఆవిడ పోయిన రోజుది కదూ?”

“అవునండీ. సమాధి దగ్గర మాట్లాడింది. కొంచెం వాన చప్పుడు ఉంటుంది.”

“అదొక్కటీ... వేరే దాంట్లో వేసి నాకివ్వు. మిగతావి చెరిపెయ్.”

మైకు నవ్వలేదు. నవ్వితే ఆ పెద్దాయన అక్కడే కూలబడేలా ఉన్నాడు.

“తప్పకుండా ఇస్తాను మాస్టారూ. పొద్దున క్వయర్‌లో పాడే పిన్నిగారొచ్చారు. నాలుకని అదుపులో పెట్టుకోమన్న ప్రసంగం ఆవిడకి కావాలట. అది విన్నాకే కోడలితో మాటలు కలిశాయని చెవిలో చెప్పి వెళ్ళారు. మొత్తం మూడొందల పన్నెండు. ఆవిడకొకటి, మీకొకటి. మిగతా మూడొందల పదీ ఎవరెవరికి కావాలో మనకేం తెలుసు?”

హెడ్మాస్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈసారి మాట మెత్తగా వచ్చింది.

“సరేనయ్యా. మన సంగతి బానే ఉంది. మరి ఆ పెళ్ళయినావిడ మొగుడి మాటేమిటి? ఎవరో ఏమిటో అయ్యగారు పేరు బయటపెట్టలేదు. అతను మన బెంచీల్లోనే కూర్చుంటున్నాడేమో! ఏ ఆదివారమో ఎవరో ఈ ప్రసంగం పెడితే, ఆ గొంతు వినపడితే, అతని గుండె ఏమైపోవాలి? పోనీ, ఆ అభాగ్యుడి మొహం చూసైనా చెరిపెయ్.”

మైకు హెడ్‌ఫోన్ల తీగ వేలికి చుట్టాడు, విప్పాడు.

“అతనికి ఎప్పుడో తెలుసండీ. దాచుకున్న నిజాన్ని బయటపెట్టమని అయ్యగారు చెప్పిన ప్రసంగం ఉంది చూశారూ, అది విన్న రోజే ఆవిడ ఇంటికెళ్ళి మొగుడికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను బట్టలు సర్దేసుకున్నాడు, ఇల్లు వదిలేద్దామని. వెళ్ళేముందు క్షమించడం గురించిన ప్రసంగం ఒకటి పెట్టుకున్నాడు. ఈ గదిలోనే. తొమ్మిదిసార్లు. మొదటిసారి పళ్ళు నూరుకుంటూ విన్నాడు. తొమ్మిదోసారికి గొంతు ఎవరిదో మర్చిపోయి మాటలు విన్నాడు. ఇంటికెళ్ళి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకున్నాడు.”

“అయితే నీ దగ్గరికొచ్చి విన్నాడన్నమాట!”

“చెరపొద్దన్నదీ అతనే. అతనికి లేని అభ్యంతరం మనకెందుకండీ?”

“ఎవరోయ్ అతను? ఆవిడెవరు?”

“చంపినా పేర్లు నా నోట రావు మాస్టారూ.”

హెడ్మాస్టరు మోకాళ్ళమీద చేతులానించి లేచాడు.

“ఉండనీ. పెద్దలకి నేను చెప్పుకుంటాను” అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “ఆ వాన చప్పుడు మాత్రం తియ్యకు.”

మైకు గదికి తాళం వేసి ఇంటికి నడిచాడు. ఎండ ఇంకా తగ్గలేదు. వంటింటి గుమ్మంలో అతని భార్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

“చెరిపించేశారా?”

“లేదు. అన్నీ ఉంటాయి.”

ఆవిడ తువ్వాలు మడతపెట్టింది. తలెత్తకుండానే అడిగింది.

“నా పేరు చెప్పారా?”