తలపు తట్టిన చప్పుడు

మా గొలుసు కథల గ్రూపులో అందరం తలుపును ‘తలపు’ అనే రాస్తాం. ఎప్పుడో, గ్రూపులో అందరం అక్క అని పిలిచే ఆవిడ చేసిన టైపింగ్ తప్పది, ముద్దొచ్చి ఉంచేసుకున్నాం.

ఈమధ్య అందరి వాక్యాలూ మరీ నున్నగా వస్తున్నాయి. అనుమానమొచ్చి, “ఎవరో తలపు తట్టారు” అని పెట్టాను. క్షణంలో జవాబులు. అన్నిటిలోనూ ‘తలుపే’. అంతా ఏఐ రాతే!

అక్క మాత్రం, “తలపు తీసే ఉంది, రా తమ్ముడూ” అని రాసింది.

హమ్మయ్య, ఒక్క మనిషైనా మిగిలింది. మొదటిసారి ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తింది వాళ్లాయన.

“అక్క ఎలా ఉందండీ?”

“తను పోయి ఏడాది దాటింది బాబూ. తన రాతలన్నీ ఏఐకిచ్చి, గ్రూపులో తనలాగే రాయమని, ఆ తప్పొక్కటీ దిద్దొద్దని చెప్పాను. ఎలా ఉందని అడిగినవాడివి ఇన్నాళ్లకి నువ్వే.”

చెవి దగ్గర ఫోన్ అదిరింది. గ్రూపులో అక్క: “అక్కడే నిలబడ్డావేం?”