పరీక్షకి జత

“జత మార్చండి బాబూ, మీకు పుణ్యముంటుంది.”

నర్సు బల్ల మీదికి వంగి మరీ అడిగింది.

“కుదరదు మేడమ్. ఇద్దరిద్దర్నీ కలిపి లోపలికి పంపడం ఇక్కడి పద్ధతి. ఎవరికి ఎవరు పడితే వాళ్లే,” అన్నాడు గుమాస్తా.

“ఆయన్ని చూశారా? చెమటలు కక్కుతున్నాడు. నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడేలా లేదు. తను మునిగి నన్నూ ముంచుతాడు!”

ఆ ‘ఆయన’ రెండు కుర్చీల అవతలే ఉన్నాడు. నెరిసిన జుట్టు, మడత నలగని చొక్కా. తనని కాదన్నట్టు గోడకేసి చూస్తున్నాడు.

నర్సుని అని ఏం లాభం? ఆమె తిప్పలు ఆమెవి. ఇంగ్లిష్‌లో మాట్లాడే ఈ పరీక్ష గట్టెక్కితే పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఖాయం. మొగుడు కాలు విరిగి మంచాన పడ్డాడు. ఇల్లంతా ఆమె భుజాల మీదే ఉంది.

ఇప్పటికే రెండుసార్లు తప్పింది. రాక కాదు. దగ్గరదగ్గరగా ఉండే రెండు ఇంగ్లిష్ మాటలిచ్చి తేడా చెప్పమంటారు. ఇంట్లో గడగడా చెప్పేది. ఆ గదిలో కూర్చుంటే చాలు, నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

మూడోసారీ తప్పితే ఇక ఈ గడప తొక్కనివ్వరు.

ఇద్దర్నీ పిలిచారు.

లోపల బల్లకి అవతల పరీక్షకురాలు. మొహాన నవ్వన్నది లేదు. చేతి దగ్గర గంట.

“ఇద్దరికీ కలిపి ఒకటే సమయం. ఎవరు మాట్లాడినదానికి వాళ్లకే మార్కులు. గంట కొట్టాక ఏం చెప్పినా లెక్కలోకి రాదు.”

అక్కడ నడిచిందంతా ఇంగ్లిషే లెండి, మనం తెలుగులో చెప్పుకుందాం.

“హియర్, లిజన్. తేడా ఏమిటి? ముందు మీరు.”

నర్సు నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. అయిపోయింది, మళ్లీ అయిపోయింది అనుకుంది నర్సు.

పరీక్షకురాలు పెద్దాయన వైపు తిరిగింది.

“పోనీ, మీరు చెప్పండి.”

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. పక్కకి తిరిగి నర్సు మొహం చూశాడు.

“రెండూ ఒకటే కదండీ,” అన్నాడు.

ఖర్మ! నర్సుకి ఒళ్లు మండింది.

“ఒకటెలా అవుతాయండీ?” అనేసింది.

“రెండూ చెవితో చేసే పనులేగా?”

“అయితే? వార్డులో మిషన్లు రోజంతా కుయ్యిమంటుంటాయి. వద్దన్నా చెవిన పడతాయి. అది హియర్. పేషెంట్ ఏదో గొణుగుతాడు. వంగి, చెవి ఒగ్గి వింటే గానీ ఎక్కడ నొప్పో తెలీదు. అది లిజన్!”

“అలోన్, లోన్లీ,” అంది పరీక్షకురాలు.

“ఇవైతే ఖచ్చితంగా ఒకటే,” అన్నాడు పెద్దాయన.

“అయ్యో, మీకెలా చెప్పేది! పక్కన ఎవరూ లేకపోతే అలోన్. మా వార్డులో ఒక మామ్మ ఉండేది. మంచం చుట్టూ కొడుకులూ కోడళ్లూ. అందరూ ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకునేవాళ్లు. ఆవిడ లోన్లీ.”

“క్యూర్, హీల్.”

“డాక్టరు చేసేదేగా రెండూ?” అడిగాడు పెద్దాయన.

“కాదండీ.” నర్సు పూర్తిగా ఆయన వైపు తిరిగింది. “మా ఆయన కాలికి కట్టు విప్పేశారు. ఎముక అతికింది. డాక్టర్ లెక్కలో క్యూర్ అయినట్టే. కానీ నేల మీద కాలు మోపాలంటే మనిషి వణికిపోతున్నాడు. ఆ భయం పోయిననాడు హీల్ అయినట్టు.”

పరీక్షకురాలి కలం చకచకా నడిచింది. తర్వాత ఆగింది.

“పెద్దాయనా, మీరింతవరకూ ఏమీ చెప్పలేదు. ఈ జత మీకే. టెల్, టీచ్.”

పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. రుమాలుతో మొహం తుడుచుకుని నోరు తెరిచాడు.

గంట మోగింది.

తెరిచిన నోరు అలాగే మూసుకుని లేచాడు.

బయటికి రాగానే నర్సు విరుచుకుపడింది. “ఒక్క తేడా కూడా తెలీకుండా ఏ మొహం పెట్టుకుని వచ్చారండీ? మీకు చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది!”

“నిజమే తల్లీ. బాగా చెప్పావు,” అని ఆయన మెల్లగా మెట్లు దిగిపోయాడు.

ఫలితం కోసం నర్సు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. చివరికి గుమాస్తా పిలిచాడు.

“పాసయ్యారు మేడమ్. మంచి మార్కులు.”

నర్సు అక్కడే భోరుమంది. ఏడుస్తూనే మొగుడికి ఫోన్ చేసింది. “లేచి కూర్చో! పాసయ్యాను!”

కళ్లు తుడుచుకున్నాక అడిగింది, “మరి నా జత?”

“తప్పారు.”

“తప్పక ఏమవుతాడు! నా అదృష్టం బాగుండి బయటపడ్డాను. అలాంటి మొద్దుని ఇంకెవరికీ అంటగట్టకండి బాబూ.”

గుమాస్తా తల వంచుకున్నాడు.

“చిన్నప్పుడు నేనూ మీలాగే మేడమ్. నలుగురిలో నోరు లేచేది కాదు. ఆయనే తనకేమీ రానట్టు అడిగి అడిగి, నాతో మాట్లాడించారు. ఇక్కడా రెండుసార్లు ఇంతే. జతకొచ్చిన వాళ్లు పాసై వెళ్లిపోయారు, ఆయన ఉండిపోయారు.”

“ఎవరాయన?” అంది నర్సు.

“మా బడిలో ఇంగ్లిష్ మాస్టారండీ. ఈ పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగంలో ఉంచుతామన్నారు, ఆయనకీ ఇది మూడోసారి.”