మూలింటి గొంతు

"పెదవికీ మాటకీ వెంట్రుకవాసి తేడా రాకూడదమ్మా," అంటూ కంపెనీ మేనేజరు పెన్‌డ్రైవు బల్ల మీద పెట్టాడు.

సౌండ్ ఎడిటరు దాన్ని కంప్యూటరుకి తగిలించింది. తెర మీద ఓ పెద్దావిడ. దూరం నుంచి జూమ్ చేసి తీసిన బొమ్మ, భుజాల దాకానే పడింది. పెదవులు కదులుతున్నాయి. భుజాలు ఊగుతున్నాయి. శబ్దమంతా బుల్డోజరు మోతే.

వీధి మొత్తం పడగొట్టి గోదాములు కట్టాలని కంపెనీ పంతం. వీధిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. తెర మీదున్న ఈ మూలింటావిడ ఒప్పుకుంటే చాలు, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే దిగొస్తారని మేనేజరు లెక్క. ఆవిడ మాట మోతలో కలిసిపోయిందనీ, అందుకే వేరేగా రికార్డు చేయించామనీ చెప్పాడు. రెండో ఫైలు నొక్కితే బొంగురు గొంతు ఒకటి పలికింది: "నా ఇల్లు మనస్ఫూర్తిగా ఇచ్చేస్తున్నాను."

"ఇది ఆవిడ గొంతేనా సార్?"

"మరి నాదా?"

"మీరు ఆవిణ్ణి కలిశారా?"

"ఆ కొంపల చుట్టూ తిరగడమేనా నా పని? కెమెరావాణ్ణి పంపాను."

గొంతు ఆవిడదేనని కాగితం మీద రాసిమ్మని ఎడిటరు అడిగింది. రేపు మాటొస్తే తన మెడకు చుట్టుకోకూడదంది. ఇంత పిరికిదానివేంటమ్మా అని నవ్వి, మేనేజరు రాసి సంతకం గీకేశాడు.

రెండు రోజులు ఆమె కుర్చీ వదల్లేదు. పెదవి విడిన చోట మాట మొదలుపెట్టింది. మూసిన చోట తుంచింది. ఒక అక్షరాన్ని సాగదీసింది, ఇంకోదాన్ని నొక్కింది. మాటకీ మాటకీ నడుమ ఊపిరి అతికించింది. వెనకాల బుల్డోజరు మోత సన్నగా పరిచింది.

సంగతి వీధికి పాకింది. ఎదురింటి బాబాయి ఆమెను గుమ్మంలోనే నిలేశాడు.

"మన గోడలకి నువ్వే గునపం అందిస్తున్నావటగా?"

"గట్టిదే అందిస్తున్నాను బాబాయ్. ఎవరి కాలి మీద పడుతుందో చూద్దువుగాని."

భూసేకరణ అధికారి విచారణ రోజున హాలు కిక్కిరిసింది. మూలింటావిడ మొదటి వరసలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీడియో వేశారు. ఇల్లు ఇచ్చేస్తున్నానన్న మాట హాలంతా ఖంగుమంది. పెదవికీ మాటకీ మధ్య సూది దూరే సందు లేదు. మేనేజరు మీసం మీద చెయ్యి వేశాడు.

వెనక వరసల్లో వీధి జనం ముందు నోళ్ళు వెళ్ళబెట్టారు. తర్వాత బాబాయి ఫక్కున నవ్వాడు. అది అంటుకుని హాలంతా నవ్వు.

అధికారి బల్ల చరిచాడు. గొంతు ఈవిడదేనా అని అడిగితే, అక్షరాలా ఈవిడదేనని మేనేజరు ప్రమాణం చేశాడు. ఎడిటరు లేచి, అతని సంతకమున్న కాగితం తీసుకెళ్ళి అధికారి ముందు పెట్టింది.

"శబ్దం సరిచేసింది నువ్వేగా," అన్నాడు అధికారి. "నువ్వు చెప్పమ్మా, ఇది ఈవిడ గొంతేనా?"

ఎడిటరు మొదటి వరస వైపు చూసి చేతులతో ఏదో అడిగింది. పెద్దావిడ ఒళ్ళోంచి చేతులు తీసి, గాలిలో ఒక్క విసురు విసిరింది.

"ఇల్లు ఇవ్వనంటోంది సార్, గొంతు సంగతంటారా, పుట్టుమూగ అయిన మా అమ్మ మాట్లాడగా నేను వినడం ఈ ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి."