నవ్వితే వచ్చే దడ

తెర మీద ఆకుపచ్చ గీత బుద్ధిమంతురాలిలా నడుస్తోంది.

డాక్టరుకు కావలసింది అది దారి తప్పడం.

సన్నని తీగలు గుండె లోపలికి పంపి కదిపి చూశాడు. మందు ఎక్కించి చూశాడు. గీత ససేమిరా అంది.

చివరికి తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాడు. పేషెంటు అక్క బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. టైలరు. మెడలో టేపు కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చింది.

"మీ చెల్లికి ఈ దడ ఎప్పుడొస్తుందమ్మా?"

"నవ్వితే."

"నవ్వితేనా?"

"పగలబడి నవ్వితే. అందుకే ఏళ్లుగా మా ఇంట్లో ఎవరమూ జోకు వెయ్యం సార్. మా ఆయన నోరు తెరిస్తే నేనే తొడపాశం పెడతా."

డాక్టరు పక్కనే కూర్చున్నాడు.

"కడుపులో పడ్డ కొత్తలో గుండె ఒట్టి గొట్టం. కరెంటు ఎటుపడితే అటు పోతుంది. తర్వాత పై గదులకీ కింది గదులకీ మధ్య గోడ లేచి, ఒక్క దారే మిగులుతుంది. మీ చెల్లికి ఆ గోడలో ఓ పోగు ఉండిపోయింది, కరెంటుకు దొంగదారిలా."

"కత్తిరించడం మరిచిపోయారన్నమాట."

"అంతే. ఇప్పుడు కాల్చేస్తాం. కానీ అది అసలు దారిని ఆనుకునే ఉంది. దడ వస్తే తప్ప ఏది ఏదో తేలదు. పొరపాటున అసలు దారి కాలిందా, జన్మంతా పేస్‌మేకరే."

అక్కను మైకు ముందు కూర్చోబెట్టారు. అద్దానికి అవతల చెల్లి, మెలకువగానే.

"ఏమే, నవ్వవే."

"ఛీ, పో అక్కా. నాకు భయమేస్తోంది."

అక్క మైకును దగ్గరికి లాక్కుంది. నవ్వించి ఎన్నాళ్లయిందో.

"మీ బావ ఇంటర్వ్యూకి నేను కుట్టిన ప్యాంటు తెలుసుగా. కూర్చుంటే పిగులుతుందని, కూర్చోమన్నా కూర్చోలేదు."

"పెద్దల ముందు కూర్చోను సార్ అన్నాడుగా..." చెల్లి నవ్వు ఆపుకుంటోంది.

"వాళ్లు మురిసిపోయి ఉద్యోగం ఇచ్చేశారు. సంతకం పెట్టమని కుర్చీ లాగారు."

"అక్కా, వద్దే..."

"ఆ పిగిలిన చప్పుడుకి ఆఫీసరు లేచి నిలబడ్డాడే!"

చెల్లి పగలబడి నవ్వింది.

గీత గుర్రమెక్కింది.

అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది.

"దొరికింది," అన్నాడు డాక్టరు. "కదలకమ్మా."

తీగ కొసతో అక్కడ కాల్చాడు, చప్పుడు లేకుండా. గుర్రం దిగి, గీత మళ్లీ నడక అందుకుంది.

"అసలు దారి?" అక్క అడిగింది.

"భద్రం. ఇంకోసారి నవ్వించండి. దడ రాకపోతేనే పోగు పోయినట్టు."

అక్క మైకు వైపు చూసి, చేతులు వెనక్కి తీసుకుంది.

అద్దం అవతలి నుంచి చెల్లే అడిగింది.

"ఇంతకీ ఆ ఆఫీసరు ఏమన్నాడే?"

"నిలబడే... నిలబడే పెట్టు నాయనా సంతకం, అన్నాడు."

చెల్లి నవ్వింది. కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది.

గీత నడుస్తూనే ఉంది.

స్ట్రెచర్ బయటికి వచ్చేసరికి చెల్లి ఇంకా నవ్వుతోంది. అక్క వేళ్లు వాటంతట అవే వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాయి.

"నాడి చూస్తున్నావా?"

"లేదులే."

చెయ్యి మాత్రం వదల్లేదు.