నీలం గుడ్డ కట్టిన ఇటుక

షువాయి తన ఇటుకను క్యూ చివర పెట్టి, దానికి కట్టిన నీలం గుడ్డను ఇంకోసారి బిగించింది.

డ్రైవింగ్ లైసెన్సు రాతపరీక్షకు ఆ ఊళ్లో మనుషులు నిలబడరు, రాళ్లు నిలబడతాయి. మనుషులు చెట్టు నీడన చేరి పుస్తకం బట్టీ పడతారు. రాయి జరిపినవాణ్ణి మాత్రం ఎవరూ క్షమించరు.

ఆమె ముందున్న రాయి జనాన్ని ఎక్కించుకు తిరిగే ఒక కోంబీ వ్యాను కండక్టరుది. అతనికి యాభై ఏళ్లుంటాయి. తలుపు పట్టుకుని వేలాడి వేలాడి ఒక భుజం కిందికి జారిపోయింది.

"ఎన్నోసారి చెల్లెమ్మా?" అన్నాడు.

"మూడోసారి," అంది ముక్తసరిగా.

"టైము చాలలేదు కదూ?"

ఆమె ఉలిక్కిపడింది. ఇతనికెలా తెలుసు?

"ఉండేది ఎనిమిది నిమిషాలే. మొదట్లోనే కూడలి బొమ్మ వస్తుంది. ఏ కారు ముందు పోవాలా అని అక్కడే కూర్చుండిపోతాం. నువ్వు రోడ్డు గుర్తులు ముందు చేసెయ్. కూడలి బొమ్మలు చివరికి ఉంచుకో."

"ఇంతకీ నువ్వెన్నిసార్లు రాశావేంటి?"

"ఇది ఆరోసారి."

షువాయికి నవ్వొచ్చింది. అన్నిసార్లు తప్పినవాడు పాఠం చెబుతున్నాడు. వెంటనే అనుమానమూ వచ్చింది. కండక్టర్లు ఊరికే నోరు విప్పరు. ముందు సలహా ఇస్తారు, తర్వాత చెయ్యి చాపుతారు.

"మరి నీకింత కంగారేంటి?" అన్నాడు.

"ఇవాళే ఆఖరు. రొట్టెల వ్యాన్లు నడపడానికి బేకరీవాళ్లు ఆడవాళ్లకు నేర్పిస్తున్నారు. ఈ పరీక్ష పాసైతేనే తీసుకుంటారు."

అనేసి నాలుక కరుచుకుంది. గని మూతపడి భర్త ఇంట్లో కూర్చున్నాక ఆ ఉద్యోగం ఒక్కటే దిక్కు. ఆ సంగతి దారినపోయేవాడికి చెప్పడమేమిటి?

దాహమేసి ఆఫీసు వెనకున్న కుళాయికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు తిరిగి చూసింది.

వచ్చేసరికి కండక్టరు రాళ్ల మీద వంగి ఉన్నాడు. తన ఇటుక ఉండాల్సిన చోట అతని రాయి ఉంది.

"నా ఇటుకేదయ్యా? నేను అనుకుంటూనే ఉన్నా," అంటూ గొంతు పెంచింది.

"అరవకు చెల్లెమ్మా, అది ముందు..."

అతని మాట పూర్తికాకముందే వాచ్‌మన్ వచ్చి కాలరు పట్టుకున్నాడు.

"రాళ్లు జరుపుతున్నావురా? కండక్టరు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు."

గేటు వైపు ఈడ్చుకుపోతుంటే అతను తల తిప్పి, "గుర్తులు ముందు. కూడలి బొమ్మలు చివర," అన్నాడు.

ఇటుక ఒక చోటు ముందుకు జరిగి కనబడింది. పూర్తిగా మాయం చేసేలోపే దొరికిపోయాడు, పీడ వదిలింది అనుకుంది షువాయి.

కాసేపటికి లోపలికి పిలిచారు. ఆమె వెనక వచ్చినవాళ్లను వాచ్‌మన్ రేపు రమ్మన్నాడు. ఆమె పట్టించుకోలేదు.

మూడో ప్రశ్నకే కూడలి బొమ్మ. మూడు కార్లు. ఎప్పటిలాగే చెయ్యి ఆగిపోయింది. గోడ మీది గడియారం ఆగలేదు.

విసుక్కుంటూనే బొమ్మను వదిలేసింది. గుర్తులన్నీ చకచకా అయిపోయాయి. గంట కొట్టేసరికి చివరి బొమ్మకు కూడా జవాబు పెట్టేసింది.

పాసయింది.

ముద్ర వేసిన కాగితంతో నవ్వుతూ బయటికొచ్చింది.

"అదృష్టవంతురాలివమ్మా. ఆఖరి ప్రశ్నపత్రం నీకే వచ్చింది," అన్నాడు వాచ్‌మన్.

"ఆఖరిదా?"

"ఉన్నవి లెక్కపెట్టి నేల మీద గీత గీశాగా. గీతకు అవతలివాళ్లు రేపు రండి అని కేకేసి మరీ చెప్పాను. అప్పుడు నువ్వు కుళాయి దగ్గరున్నట్టున్నావు."

షువాయి కిందికి చూసింది. గీతకు అవతల, పొద్దున తను ఇటుక పెట్టిన చోట, కండక్టరు రాయి ఉంది.

గేటు దగ్గరికి పరుగెత్తింది. రోడ్డు నిండా కోంబీలు. ప్రతి తలుపుకూ ఒక కండక్టరు వేలాడుతున్నాడు. పేరైనా అడగలేదే అని ఏడుపొచ్చింది.

వెనక, గీతకు ఇవతల, ఆరోసారి పరీక్ష రాయాల్సిన మనిషి చోటులో, ఆ దొంగ తన చేతులతో తెచ్చిపెట్టిన నీలం గుడ్డ ఇటుక ఉంది.